ఒంటి సిలిండరు మోటారు సైకిలు: అదురు, తిమ్మిరి, చేతుల సంరక్షణ

మోటారు సైకిలుపై గంటసేపు ప్రయాణము చేసి దిగినవారికి అరచేతులలో చీమలు ప్రాకుచున్నట్లుండుట, వ్రేళ్లు కొంతసేపు మొద్దుబారుట మనలో చాలమందికి అనుభవములో నున్న విషయమే. టీ గ్లాసును పట్టుకొన్నప్పుడు అది చేతిలో నిలిచియున్నదో, జారుచున్నదో తెలియదు. పది నిమిషములలో ఆ తిమ్మిరి పోవును. పోగానే దానిని మరచిపోవుదుము. ఈ చిన్న పుస్తకము ఆ పది నిమిషములను గూర్చినది. ఆ పది ఇరువదియై, ఇరువది గంటయై, తుదకు రాత్రి నిద్రను చెడగొట్టు దశకు వచ్చినప్పుడు శరీరములో జరుగుచున్నదేమి, దానిని ముందుగా నాపుటెట్లు అను విషయములు ఇందు వివరింపబడినవి.

గుజరాతు రాష్ట్రమున తపతీ నది యొడ్డుననున్న సూరతు నగరమును ఉదాహరణముగా తీసికొందము. కృత్రిమపు నూలుతో చీరలు, వస్త్రములు నేయు మరమగ్గములకు ఆ నగరము ప్రసిద్ధి కెక్కినది. తెలంగాణపు నేతపని కుటుంబములు షోలాపురమునకు, భివండికి, ముంబయికి వలసపోయినట్లే సూరతునకును పోయి స్థిరపడినవి. లింబాయతు పేటలో నడచిపోవువారి చెవికి తెలుగు మాటలు తరచుగా వినబడును. నగరపాలక సంస్థవారు తెలుగు మాధ్యమముగల ప్రాథమిక పాఠశాలలను గూడ నడుపుచున్నారు. ఈ పేటలనుండి ఉధ్నా, పాండేసరా, సచిన్ పారిశ్రామిక ప్రాంతములలోని మగ్గములకు పోవువారిలో అనేకులు మోటారు సైకిళ్లపైననే పోయివచ్చుచుందురు.

అట్టి కార్మికు నొకనిని ఊహించుకొందము. అతడు పండ్రెండు గంటల షిఫ్టులో సిరిసిల్లవారు ‘సాంచె’ యని పిలుచు మరమగ్గముల నడుమ నిలిచి పనిచేయును. నేల యదరుచుండును, పాదములనుండి ఆ యదురు నడుము వరకు ప్రాకును. పని ముగిసిన పిమ్మట మోటారు సైకిలెక్కి ఇంటికి వచ్చును. సెలవునాడు అదే బండిపై సరుకు మూటలను అంగళ్లకు చేర్చి నాలుగు రూపాయలు సంపాదించును. అతని బ్రతుకంతయు వ్రేళ్ల కొనలలో నున్నది. తెగిన పోగును చూడకయే తడవి పట్టుకొని, రెండు కొనలను క్షణములో అతుకవలెను. ఆ వ్రేళ్లకు పోగు స్పర్శ తెలియకపోయినచో అతని నేర్పుతోబాటు జీతమును తగ్గును. వ్రాతపని చేయువానికి వ్రేళ్ల తిమ్మిరి అసౌకర్యము. నేతపనివానికి అది జీవనోపాధికి సంబంధించిన సంగతి.

అదురు వేరు, కుదుపు వేరు

ఆరోగ్యశాస్త్ర విషయములను తెలుగులోనికి తెచ్చు పనిలో నున్నవారికి ‘కంపనము’ అను సంస్కృతపదము సులభముగా దొరకును. కాని దానితో పని జరుగదు. మన జనులు తమంతట తామే రెండు మాటలను వేరుచేసి వాడుచున్నారు. ఇంజనువలన హేండిలులో పుట్టు సన్నని, ఎడతెగని చలనము ‘అదురు’. గోతిలో చక్రము పడినప్పుడు శరీరము ఎగిరిపడుట ‘కుదుపు’. శాస్త్రమును ఈ భేదమునే చెప్పుచున్నది. అదురు సెకనునకు ఏబది, నూరు, రెండువందల పర్యాయములు జరుగును. అది చేతులలోనే ఇంకిపోయి వ్రేళ్ల నరములను, సన్నని రక్తనాళములను బాధించును. కుదుపు సెకనునకు కొలదిసార్లే జరుగును. అది చేతులలో నాగక వెన్నెముకను, కడుపును చేరును. కూర్చున్న మనుష్యుని దేహము సెకనునకు నాలుగు మొదలు ఎనిమిది సార్లు జరుగు కుదుపునకు మిక్కిలి లోబడునని కొలతలవలన తేలినది. కావున చేతి తిమ్మిరికి చేయవలసిన చికిత్స ఒకటి, నడుము నొప్పికి చేయవలసినది మరియొకటి. సీటుపై మెత్తటి దిండు వేసికొన్నందువలన వ్రేళ్ల తిమ్మిరి పోదు.

యంత్రమేల అదరును?

మన దేశపు వీధులలో తిరుగు మోటారు సైకిళ్లలో అత్యధిక సంఖ్యాకములు ఒంటి సిలిండరు గలవే. వెల తక్కువ, పెట్రోలు ఖర్చు తక్కువ, మరమ్మతు సులువు. ఈ సుగుణములకు మనము చెల్లించు మూల్యమే అదురు.

నాడె మగ్గమును చూచినవారికి దీని కారణమును చెప్పుట కష్టము గాదు. నాడె ఒక ప్రక్కనుండి దూసికొనిపోయి ఆవలి ప్రక్కన ఠక్కున నాగును. మరల వెనుకకు పోవును. అది ఆగినప్పుడెల్ల మగ్గమంతయు ఒకమారు ఉలికిపడును. సిలిండరులోని పిస్టను గూడ అట్టిదే. పైకి పోయి ఆగును, క్రిందికి వచ్చి ఆగును. ఇంజను నిమిషమునకు 5000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. సెకనునకు 83 చుట్లు. పిస్టను అంతలోపల 166 సార్లు ఆగి వెనుదిరుగును. మగ్గమును నేలలో బిగించుటచేత దాని యదురు భూమికి పోవును. మోటారు సైకిలు ఇంజను అదురు పోదగిన త్రోవలు చట్రము, హేండిలు, సీటు, పాదములుంచు కడ్డీలు మాత్రమే. అవన్నియు మనుష్యుని దేహమునకు తగులుచుండునవే.

ఇంజను నిర్మాతలు దీనిని ఎరుగకపోలేదు. పిస్టనునకు ఎదురుగా క్రాంకు చక్రమున ఒక బరువును ఉంచుదురు. కాని ఇందొక చిక్కు గలదు. పిస్టను పైకి క్రిందికి మాత్రమే పోవును. ఈ బరువో, గుండ్రముగా తిరుగును. పిస్టను బరువునకు సరిసమానమగు బరువు నుంచినచో పైకి క్రిందికి కలుగు అదురు పోయి, అంతే బలముగల అదురు ముందునకు వెనుకకు పుట్టును. అందుచేత సుమారు సగము బరువునకు మాత్రమే సరిచూచి, మిగిలిన అదురును రెండు దిక్కులకు పంచుట వాడుకయైనది. ఒక ఇంటి తగవును తీర్చలేక రెండిండ్లకు పంచినట్లు!

దీనికి మేలైన ఉపాయము మరియొకటి గలదు. క్రాంకునకు ఎదురు దిశలో, అంతే వేగముతో తిరుగు బరువైన ఇరుసు నొకదానిని అమర్చినచో మొదటి తరగతి అదురు చాలవరకు రద్దగును. మెకానిక్కులు దీనిని బేలన్సరు షాఫ్టు అందురు. 1955వ సంవత్సరములో మద్రాసున స్థాపింపబడిన ఎన్‌ఫీల్డు సంస్థ దశాబ్దములపాటు తయారుచేసిన 346 ఘన సెంటీమీటర్ల బుల్లెట్టు ఇంజనులో ఈ ఇరుసు లేదు. దాని కొట్టుడును, అదురును కొందరు అభిమానముతో మెచ్చుకొనిరి గూడ. అదే సంస్థ 2020లో మీటియరు అను బండితో ప్రారంభించిన 349 ఘన సెంటీమీటర్ల క్రొత్త ఇంజనులో ఈ ఇరుసు నమర్చినది. క్రొత్త బండి కొనదలచినవారు మైలేజీతోబాటు ‘బేలన్సరు షాఫ్టు కలదా?’ యని గూడ దుకాణదారు నడుగుట మంచిది. ఐనను, ఆ ఇరుసు గల ఇంజనులోను అదురు పూర్తిగా పోదు. రెట్టింపు వేగమున పుట్టు సన్నని జలదరింపు కొంత మిగిలియుండును.

చేతికి ఏమగును?

చలి తగిలినప్పుడు వ్రేళ్లు పాలిపోవు స్థితిని ఫ్రెంచి వైద్యుడు మోరీస్ రేనో 1862లో వర్ణించెను. యంత్రముల అదురునకు దీనితో సంబంధము గలదని తరువాత తెలిసినది. ఇటలీలో గాలి సుత్తులతో రాతిపని చేయువారి చేతులను గూర్చి లోరిగా 1911లో వ్రాసెను. 1918లో అమెరికాదేశపు ఇండియానా రాష్ట్రమున బెడ్‌ఫర్డు ప్రాంతపు సున్నపురాతి గనులలో, చలి ప్రొద్దులయందు కార్మికుల వ్రేళ్లు తెల్లబడి మొద్దుబారుటను ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు స్వయముగా పరిశీలించి ప్రకటించెను. అటుపిమ్మట అడవులలో యంత్రపు రంపములతో చెట్లు నరకువారిలోను ఈ బాధ కనబడినది. మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది జపాను దేశపు అనుభవము. మోటారు సైకిళ్లపై తిరిగి ఉత్తరములు పంచు తపాలా ఉద్యోగులను, మోటారు సైకిలు నడుపు ట్రాఫిక్కు పోలీసులను అచ్చటి వైద్యులు పరీక్షించి, వారిలో తిమ్మిరి, వ్రేళ్లు తెల్లబడుట మొదలగు లక్షణములను గుర్తించిరి.

రోజునకు అరగంట బండి నడుపువారు దీనికి భయపడనక్కరలేదు. వారి తిమ్మిరి తాత్కాలికము. నాలుగైదు గంటలు, ఏండ్ల తరబడి, ముఖ్యముగా పనిలోను యంత్రముల అదురును భరించువారు ఈ విషయమున శ్రద్ధ వహింపవలెను.

చేతిలో జరుగునది ఏమనగా: వ్రేళ్ల కొనలలోని స్పర్శగ్రాహకములు ఎడతెగని అదురువలన అలసి, కొంతసేపు పనిచేయుట మానును. ఇది మొదటి దశ, విశ్రాంతితో తగ్గును. అదురు నిత్యమైనచో సన్నని నరములు దెబ్బతినును. రక్తనాళముల గోడలు మందమై, కొంచెము చలి తగిలినను ముడుచుకొనిపోవును. అప్పుడు వ్రేలి కొన పాలిపోయి, తెలుపునకు మామూలు రంగునకు నడుమ గీత గీసినట్లు కనబడును. తొలి దశలో అదురును తప్పించినచో కొంతవరకు కోలుకొనవచ్చును. ముదిరిన పిమ్మట, అందును నరములు పాడైన పిమ్మట, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి వచ్చుట అరుదు.

ఏ వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నవో గమనించుట ముఖ్యము. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు మొద్దుబారినచో, అరచేతి మడమను హేండిలుపై మోపి దేహభారమంతయు దానిపై వేయుచున్నారన్నమాట; అచ్చటి నరము నలుగుచున్నది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొద్దుబారినచో, మణికట్టు వంగియుండుటచే దాని నడుమనుండి పోవు నరము ఒత్తుడుపడుచున్నది. అన్ని వ్రేళ్లును సమానముగా జలదరించినచో దోషము చాలవరకు అదురుదే.

మరియొక అపాయము గలదు. దానిని ఎక్కువమంది తలపరు. మొద్దుబారిన వ్రేళ్లకు బ్రేకు ఎంత గట్టిగా పట్టినామో తెలియదు. వానకాలపు తడి రోడ్డుపై ఆ తెలియమి ప్రాణాంతకము కావచ్చును.

పిడికిలి సడలింపుడు

ఖర్చు లేని మొదటి చికిత్స ఇదియే; బహుశః అన్నిటిలో మేలైనదియు నిదియే. పిడిని ఎంత గట్టిగా పట్టుకొన్న, అంత ఎక్కువ అదురు ఎముకలలోనికి ఎక్కును. చిక్కేమనగా, అదురునకు భయపడినకొలది మనుష్యుడు మరింత గట్టిగా పట్టుకొనును. వ్రేళ్లు మొద్దుబారినకొలది పట్టు తెలియక ఇంకను బిగించును. ఈ వలయమును బుద్ధిపూర్వకముగా త్రెంపవలెను.

పచ్చి గ్రుడ్డును జారవిడువక, పగులగొట్టక పట్టుకొన్నట్లు పిడిని పట్టుకొనుడు. బండిని నిలుకడగా నుంచవలసినది చేతులు కావు, మోకాళ్లు. పెట్రోలు టాంకీని రెండు మోకాళ్లతో మెత్తగా అదిమి కూర్చున్నచో నడుము నిలుచును, చేతులు తేలికపడును. మోచేతులు కొంచెము వంగియుండవలెను. కఱ్ఱలవలె చాచిన చేతులు అదురును తిన్నగా భుజములకు, మెడకు చేర్చును. మణికట్టు ముంజేతితో సమముగా నుండవలెను. బ్రేకు, క్లచ్చి మీటలు మరీ పైకి లేచియున్నచో మణికట్టు వెనుకకు విరిగినట్లు వంగును. మెకానిక్కుచే వాటిని కొంచెము క్రిందికి త్రిప్పించుకొనిన చాలును. ఐదు నిమిషముల పని. పొట్టివారు, పొడుగువారు ఒకే అమరికతో నడుపుచుండుట మనలో నున్న వింత యలవాటు. చొక్కా కుట్టించుకొనునప్పుడు కొలతలిచ్చు మనము బండి విషయమున ఆ శ్రద్ధ చూపము.

ఇట్లు సడలించుట యనగా హేండిలును విడుచుట గాదని వేరుగా చెప్పనక్కరలేదు. బొటనవ్రేలు పిడిని చుట్టియే యుండవలెను. గతుకులపై పోవునప్పుడు పట్టు కొంచెము బిగించి, మంచి రోడ్డు రాగానే మరల సడలింపుడు.

వేగమును గూర్చి ఒక మాట. ప్రతి బండికిని అదురు మిక్కుటమగు వేగ మొకటి, తగ్గు వేగ మొకటి ఉండును. చట్రము, హేండిలు తమ స్వభావమునుబట్టి కొన్ని వేగములలో ఇంజనుతో గొంతు కలుపును. అద్దములో వెనుకనున్న బండ్లు స్పష్టముగా కనబడుచున్నవో, చెదరిపోవుచున్నవో చూచిన ఆ వేగము తెలియును. చెదరిన చోట నిలువక, దానికి కొంచెము క్రింది వేగమున పొండు. పెట్రోలు కలిసివచ్చునని పెద్ద గేరులో మెల్లగా పోవుచు ఇంజనును గునిసిగునిసి నడిపించుటయు తప్పే. అది మోటు అదురు, గొలుసునకును కీడు.

బండిని చూచుకొనుట

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ రచయిత నడుపుచుండిన పాత బండిలో ఒక నెలలో అదురు రెట్టింపయినది. వయస్సు మీదపడుచున్నది గాబోలునని సరిపెట్టుకొని, బలమునకు మాత్రలు గూడ మ్రింగితిని. తుదకు వీధి మూలనున్న మెకానిక్కు ఒకడు వంగిచూచి, ఇంజనును చట్రమునకు బిగించు బోల్టులలో నొకటి వదులై వ్రేలాడుచున్నదని చూపెను. పానాతో నాలుగు చుట్లు. అంతటితో మాత్రలు మాని, బోల్టులను చూచుకొనుట నేర్చుకొంటిని.

అదురు అకస్మాత్తుగా పెరిగినచో దేహముకన్న ముందు యంత్రమును అనుమానింపవలెను. ఇంజను బోల్టులు, వాటి నడుమనుండు రబ్బరు బుష్షులు, హేండిలును పట్టియుంచు బిగింపులు, వదులైన లేక మరీ బిగుతైన గొలుసు, అరిగిన పళ్లచక్రములు, సరిగా వెలుగని స్పార్కు ప్లగ్గు, చక్రపు బేరింగులు — వీటిలో ఏదో యొకటి కారణమై యుండును. రబ్బరు బుష్షులు ఎండకు, నూనెకు గట్టిపడి రాయివలె నగును. వాటి వెల స్వల్పము, మార్చినవారు అరుదు. పాదములుంచు కడ్డీలపై రబ్బరు తొడుగులు ఊడిపోయినచో అరికాళ్లకు అదురు తిన్నగా చేరును. క్లచ్చి తీగెకు నూనె లేనిచో సూరతు రింగురోడ్డువంటి ఒత్తిడి గల దారిలో ఎడమచేయి రోజునకు వందలసార్లు వృథాగా బిగియవలసి వచ్చును. తిమ్మిరి ఎడమచేతికే ఎక్కువగా నున్నవారు దీనిని మొదట చూచుకొనవలెను.

టైరులో గాలి విషయమున ఒక దురభ్యాసము గలదు. ఎక్కువ కొట్టించిన మైలేజీ పెరుగునని పంక్చరు కొట్టువాడు చెప్పును, మనము తల యూపుదుము. గాలి మించిన టైరు గట్టి కఱ్ఱ చక్రమువలె ప్రతి చిన్న గులకరాతిని సీటునకు చేరవేయును. బండితో వచ్చిన పుస్తకములో ముందు చక్రమునకు, వెనుక చక్రమునకు, ఇద్దరెక్కినప్పటికి వేరువేరు అంకెలుండును. టైరు చల్లగా నున్నప్పుడు ఆ అంకెలకే కొట్టించుడు.

కొని తగిలించు వస్తువులు

అంగళ్లలో ‘అదురు తగ్గించునవి’ అని అమ్ము వస్తువులు పెక్కు గలవు. వాటిలో హేండిలు చివర బిగించు లోహపు బరువులు కొంత నిజముగా ఉపకరించును. బరువు పెరిగిన హేండిలు మెల్లగా, తక్కువగా అదరును. చవుక బండ్లలో ఇవి ఊడి పడిపోయినను యజమానులు గమనింపరు. స్పంజివంటి లావు తొడుగులు అంత మంచివి కావు. పిడి లావైనకొలది దానిని పట్టుటకు ఎక్కువ బలము కావలెను. చిన్న చేతులు గలవారికి ఇది కీడే చేయును.

చేతితొడుగులను గూర్చి అమ్మకందార్లు చెప్పుదానిలో సగమే సత్యము. వాటిలోని మెత్త, సెకనునకు సుమారు 150 సార్లకు మించిన సన్నని అదురును కొంత ఆపును. అంతకు తక్కువైన ముతక అదురును దాదాపు ఆపజాలదు. ఐనను తొడుగులు వేసికొనుడు. డిసెంబరు, జనవరి మాసముల తెల్లవారుజామున షిఫ్టునకు పోవువారి వ్రేళ్లను గాలికి చల్లబడకుండ కాపాడును. పడినప్పుడు అరచేతి చర్మమును కాపాడును. బిగుతుగా నున్నవి మాత్రము వలదు.

కాలమును లెక్కించుట

ఎంత యదురును ఎంతసేపు భరింపవచ్చునను ప్రశ్నకు ఐరోపా సమాఖ్య 2002వ సంవత్సరపు ఆదేశములో కార్మికుల నిమిత్తమై ఒక లెక్క నిచ్చెను. ఎనిమిది గంటల పనిదినమునకు చేతికి తగులు అదురు, సెకను వర్గమునకు 2.5 మీటర్ల త్వరణమును దాటినచో యజమాని దానిని తగ్గించు చర్య తీసికొనవలెను; 5 మీటర్లను దాటనే రాదు. సొంత బండిపై పోవువారికి ఆ చట్టము వర్తింపదు. కాని దానిలోని గణితము మనకు పనికివచ్చును. అదురు రెట్టింపైనచో అనుమతింపదగిన కాలము సగము గాదు, నాల్గవవంతు అగును. 2.5 మీటర్ల యదురును ఎనిమిది గంటలు భరించుటయు, 5 మీటర్ల యదురును రెండు గంటలు భరించుటయు సమానమే. కావున బోల్టును బిగించి, పట్టును సడలించి అదురును సగమునకు తగ్గించుకొనినవాడు, ప్రయాణకాలమును నాల్గవవంతునకు తగ్గించుకొనినవానితో సమానముగా లాభపడును. పనికి పోకుండుట మన చేతిలో లేదు గాని, బోల్టు మన చేతిలో నున్నది.

చేతిలో పట్టుకొను యంత్రములతో పగలంతయు పనిచేసి, రాత్రి బండిపై సరుకులు చేరవేయువారు ఈ రెండింటిని కలిపి లెక్కించుకొనవలెను. దూరప్రయాణములో ముప్పావుగంటకో గంటకో ఒకమారు దిగి, చేతులను విదిలించి, పిడికిలిని పదిసార్లు ముడిచి విప్పి, మంచినీరు త్రాగి మరల ఎక్కుడు. ఆ విరామమున బీడీ, సిగరెట్టు, మావా వాడుట మాత్రము చేసిన మేలును చెరుపుకొనుటయే. పొగాకులోని నికోటిను రక్తనాళములను ముడుచును. అదురు చేయు కీడు సరిగా అదియే.

కుదుపు, నడుము

సూరతు వంతెనల నగరము. వంతెన ఎక్కునప్పుడును దిగునప్పుడును అతుకుల దగ్గర తగులు దెబ్బ, వర్షర్తువులో నీటి క్రింద దాగిన గోతులలో తగులు దెబ్బ నేరుగా వెన్నెముకకు పోవును. గొయ్యి కనబడినప్పుడు వేగము తగ్గించి, పాదములపై బరువు మోపి సీటునుండి కొంచెముగా లేచినచో మోకాళ్లే స్ప్రింగులగును. వెనుక స్ప్రింగుల బిగువును మార్చు మెట్లు చాల బండ్లకు గలవు: ఒంటరిగా పోవునప్పుడు మెత్తని మెట్టు, ఇద్దరెక్కినప్పుడు గట్టి మెట్టు. నూనె కారిపోయిన షాకబ్సార్బరును మార్పించుట తప్పదు.

వెనుక కూర్చొనువారిని మరచుట మన యలవాటు. ఒకవైపునకు కాళ్లువేసి కూర్చున్న స్త్రీలకు నడుము మెలిపడియుండగా కుదుపు తగులును. ఇరువైపుల కాళ్లువేసి, పాదములను కడ్డీలపై ఆనించి కూర్చొనుట క్షేమము. గర్భవతులు గతుకుల దారిలో బండిపై దూరము పోరాదు. తప్పనిసరియైనచో వైద్యుని సలహా పొందవలెను.

వైద్యుని చూడవలసిన గుర్తులు

నేతపనివారు తమను తాము పరీక్షించుకొనుటకు సులభమైన విధానము గలదు. బండి దిగిన తరువాత ఒక నూలుపోగును కన్నులు మూసికొని తడవి, ముడివేయ ప్రయత్నింపుడు. ఎన్ని నిమిషములకు మామూలుగా వేయగలిగితిరో చిన్న పుస్తకములో తేదీతో వ్రాసికొనుడు. ఇది వైద్యపరీక్ష గాదు. కాని ఆ నిమిషములు వారము వారము పెరుగుచున్నచో ఉపేక్షింపరాదు.

దిగిన గంటకుగూడ తిమ్మిరి పోకుండుట, రాత్రివేళ వ్రేళ్ల నొప్పితో మెలకువ వచ్చి చేయి విదిలించుకొనవలసి వచ్చుట, చొక్కా గుండీ పెట్టుకొనలేకుండుట, చేతిలోని వస్తువులు జారిపడుట, చలిలో వ్రేళ్లు తెల్లబడుట — వీటిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెను. మధుమేహము, థైరాయిడు లోపము, బి-పండ్రెండు విటమిను కొరత గూడ ఇట్టి తిమ్మిరినే కలిగించును. ఆ వ్యాధులున్నవారికి అదురు మరింత త్వరగా హాని చేయును. ‘నరముల బలహీనత’ యని తమంతట తామే నిశ్చయించుకొని సూదిమందులు వేయించుకొనుచు నెలలు గడుపుట, కోలుకొనదగిన కాలమును పోగొట్టుకొనుటయే.

కాలు బలహీనపడుట, సీటునకు ఆనుచోట స్పర్శ పోవుట, మూత్రము పట్టు తప్పుట నడుము నొప్పితోబాటు కనబడినచో అది అత్యవసర స్థితి. ఎడమచేతి తిమ్మిరితోబాటు రొమ్మున బరువు, చెమట, ఆయాసము కలిగినచో దానిని బండిమీదికి నెట్టరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను.

సూరతులో లింబాయతు వైపువారికి నగరపాలక సంస్థవారి స్మీమేరు ఆసుపత్రియు, మజూరా గేటు దగ్గరనున్న ప్రభుత్వ న్యూ సివిలు ఆసుపత్రియు అందుబాటులో నున్నవి. పని స్థలములలో కలుగు వ్యాధులను గూర్చి పరిశోధించు జాతీయ సంస్థ అహమ్మదాబాదులో 1966 నుండి గలదు. వైద్యునియొద్దకు పోవునప్పుడు పైన చెప్పిన చిన్న పుస్తకమును తీసికొనిపొండు. చేయు పని, రోజునకు బండిపై గడపు గంటలు, తిమ్మిరెక్కు వ్రేళ్లు తప్పక చెప్పుడు. అడుగనిదే వైద్యులకు మోటారు సైకిలు సంగతి తెలియదు.

భాష తెలియక సగము చెప్పి వచ్చువారు మనలో చాలమంది గలరు. జలదరించినట్లు, చీమలు ప్రాకినట్లుండుటను గుజరాతీలో ‘ఝణఝణాటీ’ యందురు. తిమ్మిరెక్కి మొద్దుబారుటను ‘ఖాలీ చడవీ’ యందురు. ఈ రెండును వైద్యునికి వేరువేరు సంగతులను తెలుపును. మీకున్నది ఏదో, రెండును గలవో నిశ్చయించుకొని, ఆ మాటతోనే చెప్పుడు.